ఓడ ముక్కు ఒకవైపు, దారి ఒకవైపు

నవంబరు సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో పల్లీలు తింటూ కూర్చుంటే, దూరంగా లంగరేసిన ఓడలు చాలావరకు ఉత్తరాన భీమిలి వైపు ముక్కు పెట్టి కనిపిస్తాయి, ఎవరో వరసలో నిలబెట్టినట్టు. అదే మార్చి, ఏప్రిల్‌లో అయితే దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు తిరిగి ఉంటాయి. తిప్పింది కెప్టెన్ కాదు. లంగరు గొలుసు ముందు భాగంలో ఉంటుంది కాబట్టి, గాలీ నీళ్లూ ఎటునుంచి తోస్తే ఓడ అటు మొహం తిప్పుతుంది. మన తీరం వెంట సముద్ర ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి, వేసవి మొదట్లో ఉత్తరానికి.

ఆగిన ఓడకు ఇది వట్టి తిరుగుడే. నడిచే ఓడకు మాత్రం టెన్షన్. గోదావరి దాటే పడవవాడు ఎదుటి రేవుకు సూటిగా తెడ్డు వేయడు, కాస్త ఎగువకు పడతాడు. నావికుల భాషలో ముక్కు చూసే దిక్కు ‘హెడింగ్’, వెళ్లాలనుకున్న దిక్కు ‘కోర్సు’, నేల మీద గీత గీసినట్టు నిజంగా వెళ్లిన దారి ‘ట్రాక్’. మూడూ ఒకటే అనుకుంటే ఓడ ఇంకెక్కడో తేలుతుంది.

విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీవిజయపురం) ఓడనే తీసుకుందాం. విశాఖ ఉత్తర అక్షాంశం 17.7 డిగ్రీలు, పోర్ట్‌బ్లెయిర్ 11.7. తేడా 6 డిగ్రీలు. ఒక డిగ్రీలో 60 నిమిషాలు, ఒక నిమిషం అక్షాంశానికి ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. కాబట్టి దక్షిణానికి దిగేదే 360 మైళ్లు. తూర్పుకు జరిగేదీ కలిపితే సూటి దూరం దాదాపు 650 మైళ్లు. సముద్రం మీద కిలోమీటర్లు ఎందుకు వాడరో ఈ లెక్క చేస్తేనే అర్థమైంది నాకు: మ్యాపు పక్క అంచున ఉన్న అక్షాంశాల అంకెలే స్కేలు. గంటకు ఒక నాటికల్ మైలు వేగమే ‘నాట్’.

ఉత్తరం నుంచి కొలిస్తే కోర్సు సుమారు 123 డిగ్రీలు. ఓడ వేగం 12 నాట్లు, నవంబరు ప్రవాహం ఒక నాట్‌తో అడ్డంగా నైరుతికి తోస్తోందనుకుందాం. సరిచూసుకోకపోతే పది గంటల్లో 10 మైళ్లు, అంటే పద్దెనిమిది కిలోమీటర్ల పైనే పక్కకు పోతుంది. అందుకే ముక్కును 5 డిగ్రీలు ఎడమకు, 118 మీద పెడతారు. చూసేవాడికి ఓడ ఏటవాలుగా నడుస్తున్నట్టుంటుంది. దారి మాత్రం సూటిగానే ఉంటుంది.

తీరం దగ్గర ఇంత లెక్క అక్కర్లేదు. వేటకు వెళ్లే మత్స్యకారులు ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకుంటారు, ముందు ఒక గుడో గోపురమో, వెనక ఒక కొండ. రెండూ ఒకే వరసలో కనబడుతుంటే పడవ దారిలో ఉన్నట్టు. కొండ కుడికి జరిగితే పడవా కుడికి జరిగినట్టే. రేవుల్లోకి వచ్చే పెద్ద ఓడలకు ఒకదాని వెనక ఒకటి పెట్టే రెండు దీపాలదీ ఇదే పని. అక్కడ ఓడను రేవులోకి నడిపించే పైలట్ చూపు దీపాల మీదే, ముక్కు మీద కాదు.