రెటీనా ఫొటోలో అంచుల దాకా అన్నీ కనిపిస్తాయా? అపోహలు - వాస్తవాలు

అపోహ: వైడ్ యాంగిల్ ఫొటో తీస్తే రెటీనా (కంటి లోపల వెనుక గోడకు ఉండే, వెలుగును గ్రహించే పొర) మొత్తం కనిపిస్తుంది.

వాస్తవం: రెటీనాను ఫొటో తీసే పాత ఫండస్ కెమెరా 45 డిగ్రీలు, కొత్త వైడ్ యాంగిల్ యంత్రం 200 డిగ్రీలు కాబట్టి ఇది నాలుగు రెట్లకు పైగా చూపిస్తుందని చాలామంది లెక్క వేసుకుంటారు. నిజానికి ఆ రెండు కోణాలను కొలిచే చోట్లే వేరు. 45ని కనుపాప దగ్గర నుంచి, 200ని కనుగుడ్డు మధ్య బిందువు నుంచి కొలుస్తారు. ఒకే కొలతకు తెచ్చి చూసినా, రెటీనాలో దాదాపు 80 శాతాన్ని ఒక్క ఫొటోలో పట్టడం గొప్ప విషయమే. అయితే రెటీనా ముగిసే గీతను, అంటే ఓరా సెర్రేటాను, అది సాధారణంగా అందుకోదు. రెటీనాలో చిరుగులు ఎక్కువగా ఏర్పడేది ఆ అంచుకు దగ్గరలోనే. పైగా ఫొటోలో పైభాగాన్ని, అడుగుభాగాన్ని కనురెప్పలు, వాటి వెంట్రుకల నీడలు తరచుగా కప్పేస్తాయి.

కంట్లో మెరుపులు వస్తున్నాయని ఒక యువతి నా దగ్గరికి వచ్చారు. ఆమెకు మైనస్ పవర్ ఎక్కువ. ఫొటోలో లోపమేమీ కనబడలేదు కానీ, అడుగున మాత్రం వెంట్రుకల నీడ పరుచుకుని ఉంది. కనుపాప పెద్దదయ్యేలా చుక్కల మందు వేసి, పడుకోబెట్టి, తలకు ఇండైరెక్ట్ (కంటి లోపలికి వెలుగు పంపి చూసే పరికరం) పెట్టుకుని, చేతిలో 20 డయాప్టర్ల లెన్స్‌తో చూస్తూ, పాదాల వైపు చూడమని చెప్పి కింది రెప్ప మీదుగా డిప్రెసర్ అనే చిన్న మొద్దు పుల్లలాంటి పరికరంతో మెల్లగా నొక్కాను. అప్పుడు గుర్రపు లాడం ఆకారంలో ఒక చిన్న చిరుగు పెదవి విప్పినట్టు తెరుచుకుని కనిపించింది. అదే రోజు దాని చుట్టూ లేజర్ చేశాం. నొక్కినప్పుడు రెటీనా కదిలే తీరును ఏ నిశ్చల చిత్రమూ చూపలేదు.

అపోహ: ఫొటో తీస్తున్నారు కాబట్టి చుక్కల మందు అక్కర్లేదు.

వాస్తవం: సన్నని కనుపాప గుండా కూడా ఈ యంత్రాలు ఫొటో తీయగలవు. అయినా మెరుపులు, కొత్తగా తేలే నల్లని చుక్కలు, ఒక పక్క తెర దిగినట్టు అనిపించడం వంటివి ఉంటే, చుక్కలు వేయించుకుని అంచుల వరకు పరీక్ష చేయించుకోవలసిందే. నాలుగైదు గంటల మసకకు భయపడి దయచేసి వద్దనకండి.

అపోహ: ఫొటోలో కనిపించే రంగే కంటిలోని అసలు రంగు.

వాస్తవం: చాలా యంత్రాలు ఎరుపు, ఆకుపచ్చ లేజర్లతో చిత్రాన్ని కూర్చుతాయి. అందువల్ల కంటి నరం పాలిపోయిందా లేదా అన్నది ఆ రంగును బట్టి తేల్చకూడదు.

అపోహ: ఇన్ని పరిమితులున్నాయి కాబట్టి ఈ ఫొటోలకు ఖర్చు పెట్టడం దండగ.

వాస్తవం: ఈ మాట నన్ను ఎక్కువగా బాధిస్తుంది. 34 వారాలలోపు లేదా 2 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు రెటీనా రక్తనాళాలు ఇంకా పూర్తిగా పెరిగి ఉండకపోవచ్చు కాబట్టి, 30 రోజులలోపు రెటీనా పరీక్ష జరగాలి. అందరి దగ్గరికీ రెటీనా వైద్యుడు వెళ్లలేడు. కంటికి ఆనించి తీసే 130 డిగ్రీల కెమెరాతో శిక్షణ పొందిన సిబ్బంది నవజాత శిశువుల వార్డులోనే ఫొటోలు తీసి పంపితే, దూరాన ఉన్న వైద్యుడు కిందటి వారం ఫొటోతో పక్కపక్కన పెట్టి, రక్తనాళాలు ఎంత ముందుకు సాగాయో, ఎక్కడ మెలికలు తిరిగాయో పోల్చుకోగలడు. ఇండైరెక్ట్‌తో చూసి చేత్తో గీసుకున్న బొమ్మలతో అంత నిక్కచ్చిగా పోల్చడం మాకు ఎన్నడూ సాధ్యపడలేదు.