మావయ్య మొహం ఎర్రబడిన రాత్రి

గత నెలలో ఓ రాత్రి సోంపేట నుంచి మా మావయ్య ఫోన్ చేశాడు. "ఒరే, మొహం, చెవులు, మెడ అంతా మిరపకాయ రాసినట్టు మండిపోతందిరా, ఏటైందో తెలీటం లేదు" అన్నాడు. గొంతు వణుకుతోంది, పక్కనుంచి అత్త ఏడుపు వినిపిస్తోంది. ఊపిరాడటంలో ఇబ్బంది ఉందా, పెదాలు వాచాయా అని అడిగాను, లేవన్నాడు. కొత్తగా ఏమైనా వేసుకున్నావా అంటే అప్పుడు చెప్పాడు: అత్త తమ్ముడి కొడుకు అమెరికా నుంచి తెచ్చిన విటమిన్ మాత్ర, నియాసిన్ 500 మిల్లీగ్రాములు, ఆ సాయంత్రమే మొదలుపెట్టాడట. లిపిడ్ ప్రొఫైల్‌లో మంచి కొలెస్ట్రాల్ 34 వచ్చింది, ఇది వేసుకుంటే పెరుగుతుందని ఎవరో చెప్పారట. గంటన్నరలో మంట తగ్గిపోయింది గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే మావయ్య పుట్టి పెరిగింది ఉద్దానంలో. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఆ మంట గురించి. అది ఎలర్జీ కాదు. చర్మంలోని కొన్ని కణాల మీద నియాసిన్ వచ్చి అతుక్కునే చోటు ఒకటి ఉంటుంది, అక్కడ అది తగలగానే ఆ కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను విడుదల చేస్తాయి, వాటివల్ల చర్మం కింద సన్నటి రక్తనాళాలు వెడల్పయ్యి రక్తం ఒక్కసారిగా పైకి పొంగుతుంది. మొహం ఎర్రబడటం, దురద, వేడి, అన్నీ దానివల్లే. దీనికి 30, 50 మిల్లీగ్రాములే చాలు. మావయ్య వేసుకున్నది 500.

నియాసిన్ అంటే బి3 విటమిన్. పెద్దవాళ్ళకి రోజుకి సుమారు 14 నుంచి 16 మిల్లీగ్రాములు సరిపోతుంది, అది వేరుశెనగ గుళ్ళు, చేపలు, కోడిమాంసం, పప్పులు తినేవాళ్ళకి తిండిలోనే వచ్చేస్తుంది. పూర్వం రసాయన శాస్త్రవేత్తలు దీన్ని మొదట పొగాకులోని నికోటిన్ నుంచే తయారుచేశారు, అందుకే అసలు పేరు నికోటినిక్ ఆమ్లం. అలాగని మా ఊళ్ళో ముసలమ్మలు కాల్చే అడ్డపొగలోంచి విటమిన్ వస్తుందని ఎవరూ అనుకోకండి, ఒంట్లోకి వెళ్ళిన నికోటిన్ నియాసిన్‌గా మారదు. ఈ విటమిన్ లేకపోతే పెల్లాగ్రా అనే జబ్బు వస్తుంది: ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చెడటం. దాన్ని నయం చేసే పదార్థం ఇదేనని 1937లో అమెరికాలో కాన్రాడ్ ఎల్వేజెమ్ తేల్చాడు. మన దక్కన్‌లో జొన్నే ముఖ్యాహారంగా తినేవాళ్ళలో ఈ జబ్బు ఎందుకొస్తుందో హైదరాబాద్‌లో సి. గోపాలన్, ఆయన తోటి శాస్త్రవేత్తలు 1960 ప్రాంతంలో ఎంతో శ్రద్ధగా పరిశోధించారు.

కొలెస్ట్రాల్ కథ వేరు. 1955లో కెనడాలో ఆల్ట్‌షుల్, హాఫర్, స్టీఫెన్ అనే ముగ్గురు ఇదే విటమిన్‌ని గ్రాముల లెక్కన ఇస్తే రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గుతోందని గమనించారు. గ్రాముల లెక్క అంటే తిండిలో వచ్చేదానికి వంద రెట్లు పైమాట, అక్కడ అది విటమిన్‌గా కాదు, మందుగా పనిచేస్తుంది. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే కొవ్వు తగ్గుతుంది. చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 5 నుంచి 25 శాతం, ట్రైగ్లిసరైడ్లు 20 నుంచి 50 శాతం పడిపోతాయి, మంచిదనే హెచ్‌డీఎల్ 15 నుంచి 35 శాతం పెరుగుతుంది. ఒక్క మందుతో మూడు అంకెలూ బాగుపడుతుంటే డాక్టర్లకి నచ్చకుండా ఎలా ఉంటుంది? పైగా ఇప్పుడు కొలెస్ట్రాల్‌కి ఎక్కువగా రాసే స్టాటిన్ మందుల్లో మొదటిది బజారులోకి వచ్చింది 1987లో. అప్పటిదాకా చేతిలో ఉన్న కొద్ది మందుల్లో ఇదొకటి. గుండెపోటు వచ్చిన మగవాళ్ళ మీద అమెరికాలో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 1975లో వచ్చాయి, అందులో నియాసిన్ వాడినవాళ్ళకి ప్రాణం తీయని గుండెపోట్లు మళ్ళీ రావడం తగ్గింది కూడా. కాబట్టి నమ్మినవాళ్ళు ఊరికే నమ్మలేదు.

తర్వాత స్టాటిన్లు వచ్చాక అసలు ప్రశ్న మొదలైంది: స్టాటిన్ వాడుతున్న మనిషికి దీన్ని కలిపితే ఇంకేమైనా మేలుందా? ఎయిమ్-హై అనే పరీక్షలో 3,414 మందిని తీసుకున్నారు, అందరూ మావయ్యలాగే హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్ళు, కాకపోతే అప్పటికే గుండె, రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్ళు. రెండేళ్ళలో నియాసిన్ గుంపులో హెచ్‌డీఎల్ 35 నుంచి 42కి పెరిగింది. గుండెపోట్లు, పక్షవాతాలు, ఇలాంటివన్నీ కలిపి చూస్తే నియాసిన్ గుంపులో 16.4 శాతం మందికి, మిగతా గుంపులో 16.2 శాతం మందికి వచ్చాయి. తేడా లేదు. 2011లో పరీక్షని మధ్యలోనే ఆపేశారు. ఆ తర్వాత 25,673 మందితో ఇంకా పెద్దది, హెచ్‌పీఎస్2-థ్రైవ్, దాని ఫలితాలు 2014లో అచ్చయ్యాయి: గుండెకి చెప్పుకోదగ్గ మేలు లేదు, కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళు మాత్రం సుమారు మూడోవంతు ఎక్కువ, ఇన్ఫెక్షన్లు, రక్తస్రావాలు కూడా ఎక్కువే. అందులో మంట తగ్గించే ఇంకో మందు కలిపి ఇచ్చారు, తప్పు దానిదేమో అని కొందరన్నారు, కానీ ఎయిమ్-హైలో ఆ మందు లేదు, అక్కడా మేలు కనపడలేదు కదా. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ స్టాటిన్‌తో కలిపి నియాసిన్ వాడేందుకు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది.

అంకె పెరిగితే మేలు ఎందుకు జరగలేదు అని మావయ్య అడిగాడు. నాకు తోచినట్టు ఇలా చెప్పాను: గొట్టా బ్యారేజీ దగ్గర నీటిమట్టం బాగుంటే వంశధార కాలువ శివారు భూములకి నీరందుతుంది, నిజమే, కానీ నువ్వెళ్ళి అక్కడి స్కేలుని కిందకి దించి మట్టం ఎక్కువ చూపించినంత మాత్రాన శివారు మడి తడవదు. హెచ్‌డీఎల్ ఎక్కువున్నవాళ్ళకి గుండెజబ్బులు తక్కువ అన్నది నిజం. ఆ హెచ్‌డీఎల్లే కాపాడుతోందన్నది మనం ఊహించుకున్నది. హెచ్‌డీఎల్‌ని పెంచే వేరే మందులు కూడా ఇలాగే దెబ్బతిన్నాయి.

ఇప్పుడు ఉద్దానం సంగతి. 2024లో క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. నియాసిన్ ఎక్కువైనప్పుడు శరీరం దాన్ని విరిచి 4పీవై, 2పీవై అనే పదార్థాలుగా మారుస్తుంది, ఇవి రక్తంలో ఎక్కువున్నవాళ్ళకి గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనపడ్డాయి. ఎలుకల్లో 4పీవై రక్తనాళాల గోడలకి వాపు తెప్పించింది. మనుషుల్లో ఇదే కారణమని ఇంకా రుజువు కాలేదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. కానీ ఈ రెండూ బయటికి పోవాల్సింది మూత్రపిండాల ద్వారానే, కిడ్నీ దెబ్బతింటే అవి ఒంట్లోనే పేరుకుంటాయి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఎంతోమంది కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న చోట, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా ఈ సీసా మూత తీయకూడదని నా గట్టి అభిప్రాయం. షుగర్, గౌట్, కాలేయం జబ్బు ఉన్నవాళ్ళకీ అంతే.

మంట రాని రకం ఉందని మావయ్య కొడుకు ఆన్‌లైన్‌లో ఇంకో సీసా తెప్పించాడు. మంట రాని ఆ రకాల్లో కొలెస్ట్రాల్ మీద పనిచేసే నియాసిన్ దాదాపు విడుదల కాదు. నికోటినమైడ్ అని రాసుంటే అదీ బి3యే, పెల్లాగ్రాకి పనికొస్తుంది, కొలెస్ట్రాల్ తగ్గించదు. నెమ్మదిగా కరిగే రకాలు మంట తగ్గిస్తాయి గానీ వాటిలో కొన్ని కాలేయాన్ని ఎక్కువ దెబ్బతీశాయి. ఇవన్నీ ఒకే అరలో, ఒకేలాంటి సీసాల్లో అమ్ముతున్నారు, నాకు అదే బాధ.

మావయ్య రెండు సీసాలూ సంచిలో వేసుకున్నాడు. సోమవారం శ్రీకాకుళం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. డాక్టరు ముందే రాసిచ్చిన స్టాటిన్ మాత్రం ఆపొద్దని రోజూ ఫోన్ చేసి చెబుతున్నాను. క్రియాటినిన్ టెస్టు చివరిసారి ఎప్పుడు చేయించావు మావయ్యా అంటే నాలుగేళ్ళయ్యిందన్నాడు.