టీ కొట్టు దాకా రాని బిట్‌కాయిన్: పదేళ్ల తగువు వెనక కథ

విశాఖ సిరిపురంలో కాఫీ షాపులోనైనా, రుషికొండ ఐటీ హిల్స్‌లో లంచ్ బ్రేక్‌లోనైనా, క్రిప్టో కొన్న కుర్రాళ్లు నలుగురు కలిస్తే మాట రేటుతోనే మొదలవుతుంది. కాసేపయ్యాక ఎవడో ఒకడు అడుగుతాడు: "అది సరే గానీ బావా, దీంతో టీ ఎప్పుడు తాగుతాం?" అందరూ నవ్వుతారు. ఒకడు లైట్నింగ్ అంటాడు, ఇంకొకడు లేయర్ టూ అంటాడు, మరొకడు గవర్నమెంట్ ఒప్పుకోదంటాడు. సూటి జవాబు మాత్రం రాదు.

ఈ టీ ప్రశ్న కొత్తది కాదు. 2015 నుంచి 2017 దాకా బిట్‌కాయిన్ లోకం రెండు వర్గాలుగా చీలి తిట్టుకుంది సరిగ్గా దీని మీదే. చిల్లర ఖర్చులు కూడా లావాదేవీలన్నీ రాసి ఉంచే అసలు చిట్టాలోకే ఎక్కాలా, పెద్ద మొత్తాలు మాత్రమే ఎక్కాలా? ఆ తగువు తేలేలోపే విశాఖలో టీ కొట్టు గల్లాపెట్టె మీదకు క్యూఆర్ కోడ్ వచ్చేసింది. ఈ రెండు కథల్నీ విడివిడిగా చెప్పుకోవడం వల్లే ఇవాళ్టి గందరగోళం సగం అని నా ఉద్దేశం.

1 ఎంబీ దగ్గర మొదలు

2008 అక్టోబర్ 31న సతోషి నకమోటో పేరుతో బయటికొచ్చిన తొమ్మిది పేజీల పత్రం బిట్‌కాయిన్‌ను 'ఎలక్ట్రానిక్ క్యాష్' అనే పిలిచింది. క్యాష్ అంటే ఖర్చుపెట్టుకునేదే కదా. 2009 జనవరి 3న మొదటి బ్లాక్ పుట్టింది. బ్లాక్ అంటే చిట్టాకు ఒక్కసారిగా ఎక్కే లావాదేవీల కట్ట. 2010 మే 22న ఫ్లోరిడాలో ఒక ప్రోగ్రామర్ 10,000 బిట్‌కాయిన్లిచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నాడు. అదే ఏడాది సతోషి ఒక్కో బ్లాక్ 1 ఎంబీ దాటకూడదని కోడ్‌లో పరిమితి పెట్టాడు. అప్పట్లో బ్లాకులు ఖాళీగానే ఉండేవి కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు. చెత్త లావాదేవీలతో ఎవరూ నెట్‌వర్క్‌ను ముంచెయ్యకుండా పెట్టాడని చాలామంది అనుకున్నారు. ఆయన పెద్దగా వివరించలేదు, ఆ తర్వాత కొన్నాళ్లకు కనిపించకుండానే పోయాడు.

ఆ 1 ఎంబీని ఒకసారి లెక్కేసి చూడండి. మామూలు లావాదేవీ ఒకటి సుమారు 250 బైట్లు. అంటే బ్లాకుకు 4,000. బ్లాకు వచ్చేది పది నిమిషాలకొకటి, అంటే 600 సెకన్లు. భాగిస్తే సెకనుకు ఏడు లోపే. ప్రపంచం మొత్తానికి! ఆదివారం పొద్దున ఎంవీపీ కాలనీ రైతుబజార్ ఒక్కటే ఆ కోటాను దాదాపు తినేయగలదు.

మరి పెంచేస్తే సరిపోదా? సరిపోదని అన్నవాళ్ల భయం ఏమిటో చూడాలి. బిట్‌కాయిన్ చిట్టా ఏ బ్యాంకు సర్వర్లోనూ ఉండదు. ఇష్టమున్నవాడు ఎవడైనా మొత్తం చిట్టాను తన కంప్యూటర్లో పెట్టుకుని, ప్రతి లావాదేవీనీ తనే సరిచూసుకోవచ్చు. దాన్నే ఫుల్ నోడ్ అంటారు. 1 ఎంబీ బ్లాకులు ఏడాదంతా నిండుగా వస్తే ఆ చిట్టా సుమారు 52 జీబీ పెరుగుతుంది. 8 ఎంబీ చేస్తే 420 జీబీ. 2015లో మనం డేటా ఎలా వాడుకున్నామో గుర్తుందిగా? నెలకొక జీబీ ప్యాక్ వేయించుకుని, అయిపోతుందేమోనని టెన్షన్ పడి, డేటా ఆఫ్ చేసి జేబులో పెట్టుకునేవాళ్లం. జియో వచ్చింది 2016 సెప్టెంబర్‌లో. అప్పటి లెక్కన బ్లాకులు పెద్దవైతే నోడ్ నడపడం డేటా సెంటర్లున్న కంపెనీల పని అయిపోయేది. గాజువాకలో అద్దె గదిలో ఉండే కుర్రాడు వాళ్ల మాట నమ్మాల్సిందే తప్ప తానుగా సరిచూసుకోలేడు. అప్పుడు దానికీ బ్యాంకుకీ తేడా ఏముంది?

పెద్ద బ్లాకులు కావాలన్నవాళ్ల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. బ్లాకులో చోటు చాలక ఫీజులు పెరిగితే, పంపడానికి ఆ ఫీజే ఇచ్చుకోలేనివాడికి, చిట్టా సరిచూసుకునే హక్కు ఉండి ఏం లాభం అని వాళ్లు అడిగారు.

2015 ఆగస్టులో బిట్‌కాయిన్ డెవలపర్లు గావిన్ ఆండ్రెసెన్, మైక్ హెర్న్ కలిసి 8 ఎంబీతో మొదలై పెరుగుతూ పోయే బ్లాకులతో 'బిట్‌కాయిన్ ఎక్స్‌టీ' తెచ్చారు. నడవలేదు. 2016 జనవరిలో హెర్న్ ఈ ప్రయోగం విఫలమైందని రాసి, తన నాణేలు అమ్మేసుకుని వెళ్లిపోయాడు. అవతలి వైపు సెగ్విట్ ప్రతిపాదన: లావాదేవీలో సంతకాల భాగాన్ని విడదీసి, దానికి తక్కువ బరువు కట్టి, పాత నియమాన్ని తెంచకుండానే ఇంకాస్త చోటు సంపాదించడం. 2017 మేలో కంపెనీలు న్యూయార్క్‌లో ఒక రాజీకి వచ్చాయి, సెగ్విట్ ముందు, 2 ఎంబీ తర్వాత అని. ఆగస్టు 1న పెద్ద బ్లాకుల వర్గం వేరుపడి బిట్‌కాయిన్ క్యాష్ పెట్టుకుంది. అదే నెల 24న సెగ్విట్ అమల్లోకొచ్చింది. నవంబర్‌లో 2 ఎంబీ రాజీ రద్దయింది. వేరు కాపురం పెట్టిన బిట్‌కాయిన్ క్యాష్ కూడా మరుసటి ఏడాదే మళ్లీ రెండుగా చీలింది. మన ఊళ్లలో అన్నదమ్ముల పంపకాలు చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

చిన్న బ్లాకులవాళ్లు గెలిచారు. గెలిచిన నెలరోజుల్లోనే బిల్లు చేతికొచ్చింది. 2017 డిసెంబర్‌లో ధర 20,000 డాలర్ల దగ్గరకు వెళ్లి, జనం ఎగబడి, సగటు ఫీజు ఒక దశలో 50 డాలర్లు దాటింది. అప్పటి రూపాయల్లో 3,000 పైమాటే. వీడియో గేములు అమ్మే స్టీమ్ ఆ నెల మొదట్లోనే బిట్‌కాయిన్ తీసుకోవడం ఆపేసింది. టీ సంగతి చెప్పనక్కర్లేదు.

అదే కాలంలో విశాఖలో

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఊరిని తొక్కేసింది. కరెంటు, ఫోన్ సిగ్నల్ రోజుల తరబడి లేవు. ఏటీఎంలు, కార్డులు పనిచేయక, చేతిలో నోట్లున్నవాడికే పాల ప్యాకెట్టూ పెట్రోలూ. రెండేళ్లు తిరిగేసరికి, 2016 నవంబర్ 8 రాత్రి, 500, 1,000 నోట్లు చెల్లవన్నారు. నోట్లు తప్ప గతిలేని రోజుల్నీ, నోట్లున్నా పనికిరాని రోజుల్నీ ఇంత దగ్గర దగ్గరగా చూసిన ఊళ్లు ఎక్కువ ఉండవు.

యూపీఐ ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మొదలైంది, ఆగస్టు చివర్లో బ్యాంకుల యాప్‌లలోకి వచ్చింది, డిసెంబర్ 30న భీమ్ యాప్ విడుదలైంది. నోట్ల రద్దు తర్వాత డిజిటల్ చెల్లింపుల మీద వేసిన ముఖ్యమంత్రుల కమిటీకి చంద్రబాబు నాయుడే సారథి. రాష్ట్రం సొంతంగా 'ఏపీ పర్స్' అని ఒక యాప్ కూడా తెచ్చింది. ఇంకోవైపు 'ఫిన్‌టెక్ వ్యాలీ' పేరుతో విశాఖను బ్లాక్‌చెయిన్ (బిట్‌కాయిన్ వెనకున్న చిట్టా టెక్నాలజీ) కంపెనీలకు చూపించారు. 2017 అక్టోబర్‌లో ఇక్కడే బ్లాక్‌చెయిన్ సదస్సు జరిగింది. భూముల రికార్డుల ప్రయోగానికి స్వీడన్ సంస్థ క్రోమావే పేరు వినిపించింది. తేదీలు గమనించండి. అవతల బిట్‌కాయిన్ జనం 2 ఎంబీ కోసం కొట్టుకుంటున్న నెలల్లోనే ఇక్కడ వేదికల మీద బ్లాక్‌చెయిన్ గురించి ఉపన్యాసాలు నడిచాయి. కాకపోతే ఈ ఉపన్యాసాల్లో నాణెం ఉండేది కాదు. టెక్నాలజీ కావాలి, డబ్బు వద్దు అన్న గీత అప్పుడే పడింది. 2018 ఫిబ్రవరి 1 బడ్జెట్ ప్రసంగంలో అరుణ్ జైట్లీ ఆ గీతనే గట్టిగా గీశారు: క్రిప్టో చట్టబద్ధమైన డబ్బు కాదు, బ్లాక్‌చెయిన్‌ను మాత్రం వాడుకునే దారులు చూస్తాం అని.

టీ కొట్టు యజమానికి ఇవేవీ అక్కర్లేదు. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద వ్యాపారి ఇచ్చే చార్జీ సున్నా. సౌండ్ బాక్స్ "పదిహేను రూపాయలు" అని పలికితే చాలు. 2023 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు మొదటిసారి నెలకు 1,000 కోట్లు దాటాయి, అంటే సెకనుకు 3,700 పైగా. బిట్‌కాయిన్ అసలు చిట్టా అదే నెలంతా నిండుగా నడిచినా, సెకనుకు ఏడు లెక్కన రెండు కోట్లు దాటదు. ఈ పోలిక పూర్తిగా న్యాయం కాదు, ఒప్పుకుంటాను. యూపీఐ మధ్యలో దాన్ని నడిపే ఎన్‌పీసీఐ ఉంది, అటూ ఇటూ బ్యాంకులున్నాయి, అందరూ వాళ్లను నమ్మాలి. ఎవర్నీ నమ్మక్కర్లేని ఏర్పాటుకు వేగం తగ్గడం సహజం. కానీ పదిహేను రూపాయల దగ్గర ఆ నమ్మకం గురించి ఎవరు ఆలోచిస్తారు?

లైట్నింగ్, లేయర్ టూ

ఎక్కువమందికి తెలియనిది ఏమిటంటే, టీ సమస్యకు సాంకేతికంగా పరిష్కారం దొరికింది. జోసెఫ్ పూన్, థాడియస్ డ్రైజా రాసిన లైట్నింగ్ పత్రం ఆలోచన సులువుగానే ఉంటుంది. ఇద్దరు కలిసి కొంత బిట్‌కాయిన్‌ను ఉమ్మడి తాళంలో పెడతారు, అది చిట్టాలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఇచ్చిపుచ్చుకున్నా వాళ్ల మధ్యే బాకీలు మారుతాయి. ఖాతా మూసేటప్పుడు చివరి లెక్క మళ్లీ చిట్టాకెక్కుతుంది. 2018 నుంచి ఇది నిజంగా నడుస్తోంది, చెల్లింపు రెప్పపాటులో అయిపోతుంది.

చిక్కులు వేరేచోట వచ్చాయి. ఖాతా తెరవడానికి అసలు చిట్టాలో చోటు కావాల్సిందే. 700 కోట్ల మంది ఏడాదికి రెండేసి ఖాతాలు తెరిస్తే 133 ఎంబీ బ్లాకులు కావాలని ఆ పత్రంలోనే లెక్క ఉంది. పైగా పుచ్చుకునేవాడి వాలెట్, అంటే నాణేల తాళంచెవి ఉండే యాప్, ఆన్‌లైన్‌లో ఉండాలి, తనవైపు వచ్చే దారిలో సరిపడా సొమ్ము ఉండాలి. హుద్‌హుద్ చూసిన ఊరికి 'ఎప్పుడూ ఆన్‌లైన్‌లో' అనే మాట ఎలా వినిపిస్తుందో వేరే చెప్పాలా! ఈ తలనొప్పి పడలేక చాలామంది, తమ తరఫున అన్నీ చూసుకునే కంపెనీ వాలెట్లకు మారారు. అక్కడ తాళంచెవి కంపెనీది. 2021 సెప్టెంబర్‌లో బిట్‌కాయిన్‌ను చట్టబద్ధమైన డబ్బు చేసిన ఎల్ సాల్వడార్ దేశం జనానికి ఇచ్చిన చివో కూడా ఇలాంటి వాలెట్టే. 2025 జనవరిలో అక్కడి చట్టం మార్చి, వ్యాపారులు తీసుకోవడం ఐచ్ఛికం చేశారు.

బిట్‌కాయిన్ లాంటిదే ఇంకో క్రిప్టో నెట్‌వర్క్ ఎథీరియం కథ దీనికి సమాంతరంగా నడిచింది. 2017 చివర్లో క్రిప్టోకిట్టీస్ అనే పిల్లిబొమ్మల ఆట ఒక్కటే ఆ నెట్‌వర్క్‌ను జామ్ చేసింది. ముంబైలో పుట్టిన మ్యాటిక్, ఇప్పటి పాలిగాన్, ఆ రద్దీని పక్కకు మళ్లించే పనితోనే పేరు తెచ్చుకుంది. 2024 మార్చిలో వచ్చిన డెన్‌కున్ మార్పుతో లేయర్ టూల మీద, అంటే అసలు చిట్టాకు పైన నడిచే రెండో అంతస్తు నెట్‌వర్క్‌ల మీద, ఫీజులు బాగా పడిపోయాయి.

పన్ను వచ్చి కూర్చుంది

2018 ఏప్రిల్ 6న రిజర్వ్ బ్యాంక్, క్రిప్టో వ్యాపారానికి బ్యాంకు సేవలు ఇవ్వొద్దని ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, జూలై నుంచి 1 శాతం టీడీఎస్ వచ్చాయి. ఇవి పేపర్లు చదివేవాళ్లందరికీ తెలుసు. ఖర్చుపెట్టడం కూడా అమ్మకం కిందే లెక్క అన్నది మాత్రం చాలామంది మర్చిపోతారు.

మీ దగ్గరున్న బిట్‌కాయిన్‌లో చిన్న ముక్క, ఒకప్పుడు 5 రూపాయలకు కొన్నది, ఇప్పుడు 15 చేస్తోంది. అదిచ్చి టీ తాగారు. లాభం 10 రూపాయలు. పన్ను 3 రూపాయలు, దాని మీద 4 శాతం సెస్సు 12 పైసలు. 15 రూపాయల టీ 18 రూపాయల 12 పైసలైంది. అదే ముక్కను 20కి కొని ఉంటే 5 రూపాయల నష్టం, దాన్ని ఇంకో నాణెం లాభంలోంచి తీసేసుకోవడానికి వీల్లేదు. రిటర్న్‌లో వర్చువల్ డిజిటల్ ఆస్తుల షెడ్యూల్ ఉంటుంది: కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, వచ్చిన మొత్తం. రోజుకు రెండు టీలు తాగేవాడి షెడ్యూల్‌లో ఏడాదికి 730 వరుసలు. ఏ ఆడిటర్ దగ్గరకైనా పట్టుకెళ్లి చూడండి, ముందు మంచినీళ్లు తాగుతాడు. అంటే ఫీజు తగ్గినా, వేగం పెరిగినా, మన దగ్గర టీ కొట్టు తలుపు ఇటువైపు నుంచి మూసుకుపోయింది.

షిప్పుల మీద పనిచేసేవాళ్లు విశాఖలో చాలామంది. వాళ్లలోనూ డాలర్ విలువకు కట్టేసిన నాణెం, స్టేబుల్‌కాయిన్ మాట వినిపిస్తుంది, తక్కువ ఖర్చుతో నిమిషాల్లో ఇంటికి చేరుతుందని. చేరడం నిజమే. కానీ ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు బ్యాంకు ద్వారా వచ్చిన జీతానికి కాగితం ఉంటుంది, దీనికి ఉండదు. రూపాయలు చేసుకోవడానికి ముక్కూమొహం తెలియనివాడికి పీటుపీలో (మనిషికీ మనిషికీ మధ్య నేరుగా) అమ్మితే, అవతలివాడు పంపినవి సైబర్ మోసం డబ్బులైతే అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది. 2024లో కంబోడియా సైబర్ ముఠాల చెరలోంచి విశాఖ యువకుల్ని వెనక్కి తెచ్చాక ఆ డబ్బు ఏయే దారుల్లో తిరుగుతుందో ఊరికి కొంత తెలిసింది.

మిగిలింది వాలెట్

టీ ప్రశ్న పక్కకు పోయాక ఇప్పుడు అసలు తర్జనభర్జన నాణేలు ఎక్కడ ఉంచాలన్న దాని మీదే. 2024 జూలై 18న మన దేశపు క్రిప్టో ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్ వాలెట్‌లోంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు పోయాయి. అది ఒక్క తాళంతో తెరుచుకునే వాలెట్ కాదు, పలువురు సంతకాలు పెడితేనే కదిలేది. అయినా పోయాయి. ఖాతాదారులు నెలల తరబడి తమ సొమ్ము కోసం సింగపూర్ కోర్టు వైపు చూస్తూ కూర్చున్నారు.

సొంత వాలెట్ పెట్టుకుంటే తెర మీద సాధారణంగా 12 పదాలు వస్తాయి, మీ నాణేలకు తాళంచెవి అవే. 2,048 పదాల జాబితాలోంచి ఏరినవి. ఇంగ్లిష్ జాబితాలో ప్రతి పదానికీ మొదటి నాలుగు అక్షరాలు చాలు, ఇంకోదానితో కలవదు. జపనీస్, కొరియన్, చెక్ భాషలకు కూడా జాబితాలున్నాయి, తెలుగుకు లేదు. కాగితం మీద వరుస తప్పకుండా రాసుకోవాలి, ఫోన్‌లో ఫొటో తీయకూడదు. మన సముద్రపు గాలికి బీరువాలో కాగితం ఎంత మెత్తబడుతుందో తెలిసినవాళ్లు స్టీలు రేకు మీద చెక్కించుకుంటున్నారు. పదాలు పోతే తిరిగిచ్చే బ్రాంచ్ లేదు, నామినీ ఫారం లేదు. ఇంట్లో ఒక్కరికైనా ఆ రేకు ఎక్కడుందో, దాంతో ఏం చేయాలో చెప్పి ఉంచాలి.

ఎక్స్ఛేంజీ నుంచి సొంత వాలెట్‌కు మార్చుకోవడం అమ్మకం కాదు. కాకపోతే ఎప్పుడు, ఎంతకు కొన్నారో రుజువు మీ దగ్గరే ఉండాలి. ఎక్స్ఛేంజీ మూతపడితే స్టేట్‌మెంట్లూ దాంతోపాటే పోతాయి. అందుకే తెలిసినవాళ్లు నాణేలు బయటికి తీసినా తీయకపోయినా, మార్చి నెలాఖరుకు స్టేట్‌మెంట్ మాత్రం డౌన్‌లోడ్ చేసి ఆడిటర్‌కు పంపేస్తున్నారు.