వేలూరు ఫైలు, చిత్తూరు చిరునామా

తిరుపతిలో గుండుతో కనబడిన పిల్లాణ్ణి ఎవరూ ఆగి చూడరు. మొక్కు తీర్చుకుని కొండ దిగాడనుకుంటారు. తల వెనక నుంచి మెడ దాకా నిలువుగా దిగిన కుట్లు కంటబడితే తప్ప అది వేరే గుండని తెలియదు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఏటా ఎందరు పిల్లలకి మెదళ్లో గడ్డ వస్తోందన్నది చాలాకాలం ఎవరి పుస్తకంలోనూ లేని లెక్క. డాక్టర్లు లేక కాదు. పిల్లలు వైద్యానికి వెళ్లిన దారి ఒకటి, లెక్క రాసే పద్ధతి ఇంకొకటి.

చిత్తూరు వాళ్లకి పెద్ద జబ్బంటే వేలూరే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా రెండూ ఉత్తర ఆర్కాడులోనివే, పైగా ఆ జిల్లాకి ముఖ్యపట్టణం చిత్తూరు. 1949లో డాక్టర్ జేకబ్ చాందీ దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ (మెదడు, నరాల ఆపరేషన్ల) విభాగాన్ని వేలూరు సీఎంసీ ఆస్పత్రిలో మొదలుపెట్టారు. నాలుగేళ్లకి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మధ్యలో సరిహద్దు పడింది. బస్సులు మాత్రం ఆగలేదు. తిరుపతిలో స్విమ్స్ అనే పెద్దాస్పత్రి పనిచేయడం మొదలయ్యింది 1993లో. టాటా ట్రస్టులు, టీటీడీ కలిసి కట్టిన క్యాన్సర్ ఆస్పత్రి తలుపులు తెరిచింది 2022లో. ఈలోపల రెండు తరాల ఫైళ్లు వేలూరు, చెన్నై, బెంగుళూరు బీరువాల్లో చేరిపోయాయి.

మెదడు గడ్డలకి లెక్క పుస్తకం పెట్టాలన్న పట్టుదల అమెరికాలో ఒక సర్జన్ కోపంలోంచి పుట్టింది. 1902లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో హార్వే కుషింగ్ తీసిన గడ్డ ముక్క ఒకటి పరీక్షకని వెళ్లి ఎక్కడో పోయింది. ఇక తను తీసిన ప్రతి ముక్కా తన దగ్గరే ఉండాలని ఆయన పట్టుబట్టాడు. ముక్కతో పాటు రోగి ఫొటో, కేసు వివరాలు, తర్వాత ఏమయ్యారన్న సంగతి. ఆ చివరిదే అసలు కష్టం. దాన్ని ఏళ్ల తరబడి మోసింది లూయీస్ ఐసెన్‌హార్ట్. కుషింగ్ దగ్గర సహాయకురాలిగా చేరి, తర్వాత తనే డాక్టరై, రెండువేలకి పైగా గడ్డల వివరాలు తన చేత్తో రాసిపెట్టింది. పిల్లల్లో తరచు కనిపించే మెడుల్లోబ్లాస్టోమాని 1925లో కుషింగ్, పెర్సివల్ బెయిలీ వేరుచేసి చూపగలిగారంటే, ముక్కలన్నీ పక్కపక్కన పెట్టి చూసే వీలుండబట్టే. అంత చేసి ముక్కల్ని దాచిన సీసాలు కూడా తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల హాస్టలు కింద నేలమాళిగలో దుమ్ముకొట్టుకుపోయాయి. మళ్లీ జనం చూసేలా అమర్చింది 2010లో!

మన దేశంలో 1963లో బొంబాయిలో తొలి జనాభా క్యాన్సర్ రిజిస్ట్రీ, అంటే ఒక ప్రాంతంలో ఉండే జనంలో ఎవరికి క్యాన్సర్ వచ్చినా రాసే పుస్తకం, వచ్చింది. తర్వాత ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) వాళ్ల జాతీయ రిజిస్ట్రీ కార్యక్రమం. 1982 నుంచి బొంబాయితో పాటు బెంగుళూరు, మద్రాసుల్లోనూ లెక్క మొదలైంది. ఈ రిజిస్ట్రీలకి ఒక నియమముంది: మనిషి ఎక్కడ వైద్యం చేయించుకున్నాడని కాదు, ఎక్కడ కాపురముంటున్నాడని చూస్తారు. నియమంలో తప్పులేదు. బయటివాళ్లని కూడా కలిపేస్తే చెన్నైలో క్యాన్సర్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. పలమనేరు పిల్లాడికి బెంగుళూరులో ఆపరేషనైతే ఆస్పత్రి సొంత రికార్డులో ఉంటాడు, నగరం లెక్కలో ఉండడు. సొంతూళ్లో లెక్క రాసేవాళ్లుంటే అక్కడ చేరాలి. 2020 జాతీయ నివేదికలో 28 జనాభా రిజిస్ట్రీలుంటే తెలుగు నేల మీద ఉన్నది హైదరాబాద్ ఒక్కటే.

ఇంకో చిక్కు ‘క్యాన్సర్’ అన్న మాటతోనే. పిల్లల్లో వచ్చే క్రేనియోఫారింజియోమా అనే మెదడు గడ్డ క్యాన్సర్ కాదు. కానీ చూపు పోగొడుతుంది, ఎదుగుదల ఆపేస్తుంది. క్యాన్సర్ పుస్తకంలో క్యాన్సర్ కానిదాన్ని ఎక్కడ రాయాలి? అమెరికాలో దీనికోసం 2002లో చట్టమే చేయాల్సి వచ్చింది. 2004 నుంచి అలాంటి మెదడు గడ్డల్నీ అక్కడి రిజిస్ట్రీలు రాస్తున్నాయి. పద్దెనిమిదీ ఇరవై ఏళ్లవాళ్ల సంగతి మరీ ఇబ్బంది. వచ్చింది పిల్లల గడ్డ, పడుకునేది పెద్దల వార్డులో, నివేదికలో పిల్లల పట్టిక పద్నాలుగు, పందొమ్మిదేళ్లకే ఆగిపోతుంది.

అరుదైన జబ్బుకి ఒక్క ఆస్పత్రి లెక్క చాలదని బాగా నేర్పింది డీఐపీజీ. మెదడుని వెన్నుపాముతో కలిపే కాండంలో వచ్చే గడ్డ అది. కోసి తీసే వీలుండదు. ఎక్కువమంది పిల్లలు ఏడాది లోపే పోతారు. దశాబ్దాలపాటు స్కాను చూసే నిర్ధారించారు కాబట్టి ముక్కలే లేవు. బిడ్డ పోయాక పరీక్షకి ఒప్పుకున్న తల్లిదండ్రుల వల్ల, కొందరు సర్జన్లు ధైర్యం చేసి తీసిన బయాప్సీల వల్ల, 2012లో హెచ్3 కే27ఎమ్ అనే జన్యుమార్పు బయటపడింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ గడ్డల పేరే మార్చింది. వేర్వేరు దేశాల కేసులు ఒకచోట చేర్చే డీఐపీజీ రిజిస్ట్రీలు కూడా ఆ రోజుల్లో మొదలైనవే.

ఇదంతా చివరికి ఒక గుమాస్తా బల్ల మీద తేలాలి. మన పిల్లాడి ఇనీషియల్ ఇంటిపేరుది. సరిహద్దు దాటితే తండ్రి పేరులో మొదటి అక్షరం రాస్తారు. కాబట్టి తిరుపతి స్కానులో ‘కే. వెంకటేశ్’, తమిళనాడు చీటీలో ‘ఎం. వెంకటేశన్’ ఒకడేనా, ఇద్దరా? వయసూ, ఊరూ సరిచూస్తారు. శ్రీకాళహస్తి పిల్లాడికి 2021లో ఆపరేషనైతే కాగితం మీద చిత్తూరు జిల్లా, 2023లో చెకప్‌కి వెళితే తిరుపతి జిల్లా. వాళ్లు ఇల్లు మారలేదు, జిల్లానే మారింది. ఫోన్ నంబరు చూద్దామంటే అది ఆపరేషన్ నాడు తోడు వెళ్లిన మేనమామది.