రాజుగారి తోటలో గాలిమర

విశాఖపట్నం

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

రామకృష్ణా బీచిలో గాలికి గొడుగు తిరగబడినప్పుడు, ఈ గాలితో పిండి ఆడించుకోవచ్చా అని అడిగారు కదా. నిక్షేపంగా ఆడించుకోవచ్చు. ఐరోపాలో కొన్ని వందల ఏళ్లు అలాగే ఆడించుకున్నారు. ఆ గాలిమరల్లో నాకు ఇష్టమైనది జర్మనీలోని పోట్స్‌డామ్‌లో, సాన్‌సూసీ రాజభవనం తోటలో ఉంది.

నిజానికి భవనం కన్నా మరే ముందు వచ్చింది. 1730లలో మరను కట్టారు. రెండవ ఫ్రెడరిక్ రాజు భవనం 1745–47 మధ్య లేచింది. ఆ పాత మర అంటే లావుపాటి నిట్రాడు మీద నిలబెట్టిన కొయ్య గది. మనకు వానకాలంలో నైరుతి గాలి, చలికాలంలో ఈశాన్యపు గాలి వీచినట్టు అక్కడా గాలి దిక్కు మారుతుంది. రెక్కలు గాలికి ఎదురుగా లేకపోతే మర కదలదు. అందుకని మర నడిపేవాడు వెనకనున్న దూలాన్ని నెట్టి, గదిని గదిగానే తిప్పేవాడు. రెక్కలతో ఇరుసు, ఇరుసుతో పళ్లచక్రం, దానితో పై రాయి తిరిగేవి. రాయి నడిమి కన్నంలో గింజలు పోస్తే అంచుల నుంచి పిండి రాలేది. అమ్మమ్మ తిరగలే, చెయ్యికి బదులు గాలి.

ఈ మర మీద ఒక కథ ఉంది. చప్పుడు భరించలేక రాజు మరను కొంటానన్నాడట, యజమాని అమ్మనన్నాడట. లాక్కోగలనని బెదిరిస్తే, "బెర్లిన్‌లో న్యాయస్థానం లేకపోతే లాక్కోగలరు ప్రభూ" అన్నాడట. రాజు వెనక్కి తగ్గాడట. వినడానికి బాగుంటుంది కానీ కట్టుకథ. రాజు ఆ మర తన భవనానికి అందమనుకున్నాడు. మొరపెట్టుకున్నది మర యజమానే, కొత్త భవనం గాలికి అడ్డొస్తోందని!

న్యాయస్థానం ముచ్చట మరీ విడ్డూరం. 1779లో ఆర్నాల్డ్ అనే మరొకతని వ్యాజ్యంలో (అతనిది నీటిమర) అదే బెర్లిన్ న్యాయస్థానం తీర్పు నచ్చక, ఈ రాజే న్యాయమూర్తులను చెరలో వేయించాడు. పేదవాడికి మేలు చేస్తున్నానని ఆయన నమ్మకం. కొరుకుడుపడని మనిషి.

ఆయన పోయాక, 1787–91లో పాత మర స్థానంలో పెద్దది కట్టారు. అందులో గది కదలదు, పైకప్పు మాత్రం రెక్కలతో సహా తిరుగుతుంది. 1945లో యుద్ధం చివరి రోజుల్లో అది కాలిపోయింది. 1993లో మళ్లీ కట్టారు, ఇప్పుడు లోపలికి వెళ్లి చూడవచ్చు.

సెలవులకు వచ్చినప్పుడు మన తిరగలి పై రాయి ఎత్తి, కింద గంట్లు చూపిస్తాను. అవి అరిగిపోతే గింజ నలగదు. ఎందుకో ఆలోచించి రాయండి.

మీ తాతయ్య