"లాంబో డోర్స్" లాంబోర్గినీవి కావు: కారాబో గురించి అపోహలు, వాస్తవాలు

కార్ల స్టూడియోలో క్లే మోడలింగ్ చేస్తానని తెలిస్తే చాలు, పెళ్లిళ్లలో చుట్టాల పిల్లలు నన్ను వదలరు. "బాబాయ్, మన స్విఫ్ట్‌కి లాంబో డోర్స్ పెట్టించొచ్చా?" పెట్టించుకోండి, నాదేం పోయింది. కానీ ఆ పేరులోనే తప్పుంది.

అపోహ: పైకి లేచే తలుపులు లాంబోర్గినీ కనిపెట్టింది.

వాస్తవం: అవి ముందు వచ్చింది ఆల్ఫా రోమియో కారాబోకి. 1968 పారిస్ మోటార్ షోలో బెర్టోనే అనే ఇటలీ డిజైన్ కంపెనీ చూపించిన కాన్సెప్ట్ కారు ఇది, అంటే అమ్మడానికి కాక చూపించడానికి చేసిన నమూనా. డిజైన్ చేసిన మార్చెల్లో గాందీనికి అప్పుడు 30 ఏళ్లు. పచ్చగా మెరిసే ఒక రకం పెంకుపురుగు పేరే కారుకీ పెట్టారు. ఒళ్లంతా ఆ పచ్చరంగే, మూతి దగ్గర మాత్రం నారింజ. ఎత్తు 99 సెంటీమీటర్లు, అంటే పక్కన నిలబడితే టాప్ మన నడుము దగ్గరికి వస్తుంది. ఆ తలుపుల్నే గాందీని తర్వాత లాంబోర్గినీ కౌంటాష్‌కి పెట్టాడు.

అపోహ: ఆ తలుపులు, మూతి దగ్గర పల్చగా వాలిన ఆ వెడ్జ్ షేపు అంతా షో కోసమే.

వాస్తవం: షో లేదని నేననను. కానీ కౌంటాష్‌లో కూర్చుంటే వెనక ఏముందో సరిగా కనిపించదు. రివర్స్ చేయాలంటే తలుపు పైకెత్తి, గడపంత వెడల్పున్న అంచు మీద కూర్చుని, తల బయటపెట్టి వెనక్కి చూస్తూ ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతారు. పక్కకి తెరుచుకునే తలుపుతో ఇరుకు చోట ఆ పని కుదరదు. ఇక మూతి సంగతి. గాందీని అంతకుముందు గీసిన లాంబోర్గినీ కారు మియురా బాగా స్పీడ్ అందుకుంటే ముందు భాగం తేలికై పైకి లేవబోయేది. కారాబో మూతిని అంత కిందికి వాల్చడం వెనక ఆ అనుభవం ఉంది.

అపోహ: కాన్సెప్ట్ కారంటే ఇంజన్ లేని డొల్ల.

వాస్తవం: చాలావరకు నిజమే, మేం కూడా తోసుకెళ్లినవి ఉన్నాయి. కారాబో కింద మాత్రం ఆల్ఫా 33 స్ట్రడాలే అనే స్పోర్ట్స్ కారు ఛాసిస్, 2 లీటర్ల వీ8 ఇంజన్ ఉన్నాయి.

అపోహ: షోలో నచ్చిందే ఫ్యాక్టరీ నుంచి దిగుతుంది.

వాస్తవం: 1971లో జెనీవాలో చూపించిన కౌంటాష్ ఒళ్లు నున్నగా ఉండేది. ఇంజన్ వేడెక్కిపోతుంటే గాలి కోసం పక్కల్లో డక్టులు, భుజాల మీద డబ్బాలు పెట్టక తప్పలేదు. గోడల మీద పోస్టర్లు అంటించుకున్నది ఆ డబ్బాల కారుకే! జెనీవాలో మెరిసిన ఆ మొదటి బండిని 1974లో క్రాష్ టెస్టులో పగలగొట్టేశారు. కారాబో మాత్రం మిలాన్ దగ్గర అరేసేలో, ఆల్ఫా మ్యూజియంలో ఇప్పటికీ పచ్చగా ఉంది.