నవ్వు ఎమోజీ వెనుక 130 ఏళ్లు

తమ ఉన్నతాధికారి హత్యకు గురయ్యాడని యునైటెడ్‌హెల్త్ గ్రూప్ ఫేస్‌బుక్‌లో సంతాపం ప్రకటించింది. దాని కింద వచ్చిన స్పందనల్లో సింహభాగం పగలబడి నవ్వే ఎమోజీలే. వందలు కాదు, పదుల వేలు. చేసేది లేక కంపెనీ కామెంట్లు ఆపేసింది.

చనిపోయిన మనిషి బ్రయాన్ థామ్సన్, వయసు 50. ఆ గ్రూపులో భాగమైన, అమెరికాలో అతి పెద్ద ఆరోగ్య బీమా సంస్థ యునైటెడ్‌హెల్త్‌కేర్‌కు సీఈఓ. 2024 డిసెంబరు 4 ఉదయం ఆరూ ముప్పావు ప్రాంతంలో న్యూయార్క్‌లోని హిల్టన్ హోటల్ బయట, వెనక నుంచి వచ్చిన ఒక వ్యక్తి ఆయన్ని కాల్చాడు. ఆ రోజు ఆ హోటల్లో కంపెనీ మదుపుదారుల సమావేశం ఉంది. దొరికిన తూటాల మీద డిలే, డినై, డిపోజ్ అని మూడు మాటలు రాసి ఉన్నాయి. క్లెయిమ్‌ని ఆలస్యం చెయ్యి, కాదను, కోర్టుకొస్తే వాదించు: బీమా కంపెనీల పద్ధతి ఇంతేనని విమర్శకులు ఏళ్లుగా అనే మాట ఒకటుంది. దాన్ని గుర్తుచేసేలా ఉన్నాయవి.

కాల్చిందెవరో, ఎందుకు కాల్చాడో అప్పటికి ఎవరికీ తెలీదు. అయినా జోకులు ఆగలేదు, అవీ బీమా కంపెనీలు రోగులకు చెప్పే మాటల్లోనే. 'సంతాపం తెలపడానికి ముందస్తు అనుమతి తీసుకున్నారా?', 'నా సానుభూతి మీ నెట్‌వర్క్‌లో లేదు'. మూడు రోజులు తిరక్కుండానే వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో హంతకుడి పోలికల పోటీ పెట్టారు. టీవీ స్టూడియోలు బిత్తరపోయి 'ఈ సమాజానికి ఏమైంది?' అని అడగడం మొదలుపెట్టాయి. ఏదో కొత్త రోగం వచ్చినట్టు మాట్లాడారు గానీ, ఈ నవ్వు పాతదే. పాతకాలంలో దాన్ని లెక్కపెట్టే కౌంటర్ లేదు, అంతే.

1892కి వెళ్దాం. పెన్సిల్వేనియాలోని హోమ్‌స్టెడ్‌లో ఆండ్రూ కార్నెగీ ఉక్కు కర్మాగారం. యజమాని స్కాట్లండ్‌లో ఉన్నాడు, వ్యవహారమంతా ఛైర్మన్ హెన్రీ క్లే ఫ్రిక్ చేతిలో ఉంది. యూనియన్‌ని వదిలించుకోవాలని ఫ్రిక్ గేట్లు మూశాడు. జులై 6న 300 మంది పింకర్టన్ ప్రైవేటు గార్డుల్ని పడవల మీద నది గుండా దింపబోయాడు. ఒడ్డున కార్మికులు అడ్డుకున్నారు. రోజంతా కాల్పులు జరిగాయి, రెండువైపులా మనుషులు పోయారు. చివరికి రాష్ట్ర మిలీషియా దిగింది. అంతవరకూ దేశంలో చాలామంది జాలి కార్మికుల మీదే ఉంది.

జులై 23న అలెగ్జాండర్ బెర్క్‌మన్ అనే 21 ఏళ్ల అరాచకవాది పిట్స్‌బర్గ్‌లో ఫ్రిక్ ఆఫీసులోకి దూరి అతన్ని కాల్చాడు, పొడిచాడు. ఫ్రిక్ బతికాడు. ఆ కబురు మిలీషియా గుడారాలకు చేరగానే డబ్ల్యూ.ఎల్. అయామ్స్ అనే మామూలు సైనికుడు 'ఫ్రిక్‌ని కాల్చినవాడికి మూడు జేజేలు' అని అరిచాడు. కల్నల్ స్ట్రీటర్ చెవిన పడింది. దళాన్ని వరసలో నిలబెట్టి ఎవరన్నదని అడిగాడు. అయామ్స్ ముందుకొచ్చాడు. క్షమాపణ చెప్పమంటే చెప్పనన్నాడు. బొటనవేళ్లకు తాడు కట్టి వేలాడదీశారు. సగం తల గొరిగారు. డప్పులు కొడుతూ శిబిరం నుంచి తరిమేశారు.

ఒక నవ్వు ఎమోజీకి 1892లో ధర అది. అయామ్స్ శిక్ష మీదా పత్రికల్లో పెద్ద రగడే నడిచింది. క్రమశిక్షణ అని కొందరు, అనాగరికమని కొందరు. శిక్ష వేసిన అధికారులు కోర్టు మెట్లెక్కాల్సొచ్చింది, నిర్దోషులుగా బయటపడ్డారు. ఈ గొడవలో కార్మికుల జీతాల మాట ఎక్కడో అడుగున పడిపోయింది.

బెర్క్‌మన్‌ని సొంతవాళ్లే మెచ్చుకోలేదు. అప్పటిదాకా బాంబుల గురించి ఉపన్యాసాలు దంచిన అరాచకవాద నాయకుడు జొహాన్ మోస్ట్, పని జరిగాక మాట మార్చి అతన్ని విమర్శించాడు. బెర్క్‌మన్ సహచరి ఎమ్మా గోల్డ్‌మన్ ఊరుకోలేదు. మోస్ట్ సభకు వెళ్లి, ముందు వరసలో కూర్చుని, లేచి గుర్రపు కొరడాతో అందరి ముందూ అతన్ని కొట్టింది. సమ్మె నాయకుడు హ్యూ ఓడానెల్ మాత్రం కొరడా అక్కర్లేని మాట ఒకటన్నాడు: బెర్క్‌మన్ తూటా గురి తప్పి నేరుగా హోమ్‌స్టెడ్ సమ్మె గుండెల్లోంచి దూసుకుపోయిందని. ఆ నవంబరుకల్లా సమ్మె ముగిసింది. ఫ్రిక్ ఎప్పుడో ఆఫీసుకి వచ్చేశాడు. బెర్క్‌మన్ 14 ఏళ్లు జైల్లో గడిపాడు.

1920 సెప్టెంబరు 16న వాల్ స్ట్రీట్‌లో జె.పి. మోర్గన్ బ్యాంకు ఎదుట గుర్రపు బండిలో బాంబు పేలినప్పుడు ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నం భోజనం వేళ అది. 30 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది గుమాస్తాలు, స్టెనోగ్రాఫర్లు, ఉత్తరాలు మోసే కుర్రాళ్లు. కోటీశ్వరుడికి గురిపెడితే తగిలేది జీతగాడికే అని జనానికి కళ్లముందే కనబడింది. మర్నాడు అదే వీధిలో వేలమంది చేరి జాతీయగీతం పాడారు. చేసిందెవరో నేటికీ తేలలేదు. బ్యాంకు గోడ మీద గాట్లు మాత్రం ఇంకా ఉన్నాయి.

మీడియా ఎలా ప్రవర్తిస్తుందో తెలియాలంటే 1977 పశ్చిమ జర్మనీని చూడాలి. ఏప్రిల్‌లో రెడ్ ఆర్మీ ఫాక్షన్ అనే అతివాద వామపక్ష సాయుధ ముఠా ప్రధాన ప్రాసిక్యూటర్ బుబాక్‌ని చంపింది. గోటింగెన్ విద్యార్థి పత్రికలో పేరు పెట్టకుండా ఒకరు వ్యాసం రాశారు. ఆ వార్త విన్నప్పుడు లోలోపల 'చాటుమాటు సంతోషం' కలిగిందని ఒప్పుకున్నారు. దేశమంతా భగ్గుమంది. పత్రికలు ఆ ఒక్క మాటని పట్టుకుని ఊపేశాయి. తమాషా ఏమిటంటే, అసలు వ్యాసం ఆ సంతోషాన్ని ప్రశ్నించడానికే రాసింది. మనం హంతకులం కాకూడదు అనే వైపుకే అది నడుస్తుంది. పూర్తి పాఠం చదివి మాట్లాడండంటూ కొందరు ప్రొఫెసర్లు దాన్ని మళ్లీ అచ్చువేస్తే వాళ్ల మీదా కేసులు పెట్టారు. హనోవర్ ప్రొఫెసర్ పీటర్ బ్రూక్నర్‌ని సస్పెండ్ చేశారు.

అదే జులైలో డ్రెస్డ్నర్ బ్యాంకు అధిపతి యుర్గన్ పొంటోని ఇంట్లోనే కాల్చి చంపారు. సెప్టెంబరు 5న యజమానుల సంఘం అధ్యక్షుడు హాన్స్ మార్టిన్ ష్లయర్‌ని కిడ్నాప్ చేశారు. వార్తలు రాయొద్దని ప్రభుత్వం కోరింది, పత్రికలు చాలావరకు మాట విన్నాయి. ఆరు వారాల తర్వాత ష్లయర్ శవం దొరికింది. ఆయన ఒకప్పటి నాజీ ఎస్ఎస్ అధికారి. ఆ సంగతి ఎంత పెద్దగా రాయాలి, ఎప్పుడు రాయాలి అన్న ఇబ్బంది జర్మన్ పత్రికలకి చాలాకాలం పోలేదు. చనిపోయినవాడి గతం తవ్వితే హంతకుణ్ణి సమర్థించినట్టా? ఆ ప్రశ్నే 2024లో ఇంగ్లిష్‌లో మళ్లీ వచ్చింది.

అయితే న్యూయార్క్ నవ్వు ఇంత గట్టిగా వినబడటానికి కారణం ఉంది. అది తూటాల్లో కాదు, కాగితాల్లో దొరుకుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, అమెరికా జీతాలు పెంచకుండా కట్టడి చేసింది. ఆరోగ్య బీమా మాత్రం ఇవ్వొచ్చంది. కంపెనీలు పనివాళ్లని ఆకర్షించడానికి దాన్ని వాడుకున్నాయి, ఆ తర్వాత పన్ను మినహాయింపు కూడా స్థిరపడింది. అలా ఉద్యోగానికి బీమా ముడిపడింది. ఉద్యోగం పోతే బీమా పోతుంది. బీమా కంపెనీని ఎంచుకునేది రోగి కాదు, అతని యజమాని. నచ్చకపోతే ఇంకో కంపెనీకి మారే వీలు చాలామందికి లేదు. కోపం పోయే దారి ఒకటి అక్కడే మూసుకుపోయింది.

1973 చట్టంతో హెచ్ఎంఓలు, అంటే తమ జాబితాలోని డాక్టర్ల దగ్గరే వైద్యం చేయించే బీమా ప్లాన్లు, ఊపందుకున్నాయి. ఖర్చు తగ్గించాలంటే వైద్యం చేసే ముందే 'ఇది అవసరమా?' అని అడగాలి. అదే ప్రయర్ ఆథరైజేషన్. డాక్టరు స్కాన్ రాస్తాడు. ఆయన ఆఫీసు ఫ్యాక్స్ పంపుతుంది. కొన్నాళ్లకు ఉత్తరం వస్తుంది: వైద్యపరంగా అవసరం లేదు. డాక్టరు ఫోన్ చేసి కంపెనీ డాక్టరుతో వాదించాలి, ఆ కంపెనీ డాక్టరు వేరే విభాగం వాడు కూడా కావొచ్చు. ఈలోపు రోగికి ఇంకో కాగితం వస్తుంది. బోలెడు అంకెలు, పైన 'ఇది బిల్లు కాదు' అన్న ముక్క. అసలు బిల్లు తర్వాత వస్తుంది. టెన్షన్ మాత్రం ఈ కాగితంతోనే మొదలవుతుంది.

ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్ ద్వారా అమ్మిన ప్లాన్లలో 2023లో దాదాపు ఐదు క్లెయిమ్‌లకు ఒకటి తిరస్కరించారు. అలా తిరస్కరించిన వందింటిలో ఒక్కదానిక్కూడా అప్పీలు వెళ్లలేదు. థామ్సన్ హత్యకు రెండు నెలల ముందే, 2024 అక్టోబరులో, సెనేట్ ఉపసంఘం ఒక నివేదిక ఇచ్చింది. వృద్ధుల మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలో, ఆసుపత్రి తర్వాత కావాల్సిన సంరక్షణకు యునైటెడ్‌హెల్త్‌కేర్ తిరస్కరణలు 2020లో 10.9 శాతం, 2022లో 22.7 శాతం. ఆ నివేదికకు ఎన్ని నిమిషాల ప్రైమ్‌టైమ్ దక్కిందో ఊహించుకోండి.

కోపం ఎప్పుడూ వృథా పోయిందనీ కాదు. 1990ల్లో కాన్పయిన 24 గంటలకే తల్లుల్ని ఇంటికి పంపేసే ప్లాన్లు వచ్చాయి. 'డ్రైవ్-త్రూ డెలివరీ' అని పేరుపడింది. తల్లులు, డాక్టర్లు గోల చేశారు, పత్రికలు వెంటపడ్డాయి, 1996లో కనీసం 48 గంటల ఆసుపత్రి బసకు బీమా కోత పెట్టకూడదని కాంగ్రెస్ చట్టం చేసింది. ఎవరి మీదా తుపాకీ పేలలేదు.

థామ్సన్ హత్య కేసులో 2024 డిసెంబరు 9న పెన్సిల్వేనియాలోని ఆల్టూనాలో, ఒక మెక్‌డొనాల్డ్స్‌లో 26 ఏళ్ల లుయీజీ మాంజియోనీ పట్టుబడ్డాడు. తాను నిర్దోషినని కోర్టులో చెప్పాడు. వార్త అక్కడితో దారి మార్చుకుంది. అతని ముఖం, అతని కండలు, కోర్టుకి వేసుకొచ్చిన స్వెటర్. కథ కూడా ఎవరి ఊహకీ సరిపడలేదు: నిందితుడిది బాల్టిమోర్‌లో డబ్బున్న కుటుంబం, హతుడిది ఐయోవాలో చిన్న ఊరు. పైగా నిందితుడు తమ పాలసీదారు కాదని కంపెనీ చెప్పింది. పెన్సిల్వేనియా గవర్నర్ జాష్ షపీరో 'ఇతను హీరో కాడు' అని టీవీలో కోపంగా అన్నాడు. సెనేటర్ ఎలిజబెత్ వారెన్ హింస జవాబు కాదంటూనే జనాన్ని ఎంతవరకని నెడతారు అంది, విమర్శలు రాగానే మాట సవరించుకుంది.

నిందితుడి దగ్గర దొరికిందన్న చేతిరాత కాగితాన్ని పెద్ద పత్రికలు ముక్కలుగానే ఉటంకించాయి. స్వతంత్ర పాత్రికేయుడు కెన్ క్లిపెన్‌స్టైన్ మొత్తం పెట్టేశాడు. 1995లో ఇంకో రకంగా జరిగింది. ఉత్తరాల బాంబులతో ప్రకటనల కంపెనీ అధికారి థామస్ మాసర్‌తో సహా ముగ్గుర్ని చంపిన యూనాబాంబర్ 35,000 పదాల వ్యాసాన్ని వాషింగ్టన్ పోస్ట్ పూర్తిగా అచ్చేసింది. ఆ శైలిని తమ్ముడు గుర్తుపట్టాడు, అన్న దొరికాడు. దాచడమే బాధ్యత అని ఇప్పుడు వాదించే ఎడిటర్లకి ఈ ఉదాహరణ కాస్త ఇబ్బందే.

ఇంతకీ ఎంతమంది నవ్వారు? 2024 డిసెంబరులో ఎమర్సన్ కాలేజీ చేసిన సర్వేలో 68 శాతం ఓటర్లు ఈ హత్య ఒప్పుకోదగ్గది కాదన్నారు, 17 శాతం పర్లేదన్నారు. 18-29 ఏళ్ల వాళ్లలో మాత్రం పర్లేదన్నవాళ్లు 41 శాతం. శీర్షికలన్నీ ఆ 41 మీదే. అదే నెల నోర్క్ అనే పరిశోధన సంస్థ సర్వే ఇంకోటి చెప్పింది: పదిమందిలో ఎనిమిదిమంది నేరం చేసినవాడిదే బాధ్యత అన్నారు, ఏడుగురు బీమా తిరస్కరణలకూ లాభాలకూ బాధ్యత ఉందన్నారు. అంటే ఒకే మనిషి రెండూ అంటున్నాడు. అరుపుల స్టూడియోలో ఈ మనిషికి కుర్చీ లేదు.

హత్య జరిగిన మర్నాడే ఆంథెమ్ అనే ఇంకో బీమా సంస్థ, ఆపరేషన్లో ఇచ్చే మత్తుమందు ఖర్చుకి టైం లిమిట్ పెడతానన్న నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. డాక్టర్ల సంఘాలు కొన్ని వారాలుగా దాని మీద పోరాడుతున్నాయి, నెటిజన్లు మాత్రం తూటా ఫలితం అనేశారు. యునైటెడ్‌హెల్త్ గ్రూప్ అధిపతి ఆండ్రూ విటీ న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాస్తూ, ఇలాంటి వ్యవస్థని ఎవరూ కావాలని రూపొందించరని ఒప్పుకున్నాడు. 2025 మే నాటికి ఆయన పదవిలో లేడు. అదే మేలో నిందితుడి న్యాయ ఖర్చుల విరాళాలు 10 లక్షల డాలర్లు దాటాయి. సెప్టెంబరు 16న న్యూయార్క్ రాష్ట్ర జడ్జి ఉగ్రవాదం కింద పెట్టిన అభియోగాలు కొట్టేసి, హత్య అభియోగాన్ని ఉంచాడు.

2025 జూన్‌లో బీమా కంపెనీలు ప్రయర్ ఆథరైజేషన్‌ని తగ్గిస్తామని వాషింగ్టన్‌లో మాట ఇచ్చాయి. ఆ సభలో ప్రభుత్వ అధికారి డాక్టర్ మెహ్మెత్ ఆజ్, ఈ సమస్యల మీద వీధుల్లో హింస జరుగుతోందని అన్నాడు. ఎవరి పేరూ ఎత్తలేదు. ప్రయర్ ఆథరైజేషన్‌ని మెరుగుపరుస్తామని బీమా కంపెనీలు, ఆసుపత్రులు, డాక్టర్ల సంఘాలు కలిసి 2018లో ఒక ఉమ్మడి ప్రకటన చేశాయి. ఏడేళ్ల తర్వాత కూడా ఫ్యాక్స్ మెషీన్లు పనిచేస్తూనే ఉన్నాయి.